గోర్డన్-కీబుల్ కారు చరిత్రను తవ్వి రాయడం ఎలా

బ్రిటన్‌లో 1960ల నడిమి సంవత్సరాల్లో తయారైన గోర్డన్-కీబుల్ జీకే1 కార్లు మొత్తం వంద. వాటిలో తొంభైకి పైగా నేటికీ మిగిలి ఉన్నాయని ఆ కార్ల యజమానుల సంఘం చెబుతుంది. ఇటలీలో గీసిన ఆకారం, అమెరికాలో పోత పోసిన ఇంజిన్, ఇంగ్లండ్‌లో అతికిన చాసిస్ (బండి బరువును మోసే చట్రం) కలిసి పుట్టిన ఈ నాలుగు సీట్ల బండి గంటకు 140 మైళ్ల దరిదాపు, అంటే సుమారు 225 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది. నలుగురు మనుషుల్ని, వారి సామానును వేసుకుని అలసట లేకుండా దేశాలు దాటించగల వేగవంతమైన కారును గ్రాండ్ టూరర్, పొట్టిగా జీటీ అంటారు. ఆ మాటకు బ్రిటన్‌లో ఇంతకంటే నిండైన ఉదాహరణలు ఎక్కువ లేవని నా నమ్మకం.

ఇంత తక్కువ సంఖ్యలో తయారైన కారు విషయంలో మోడల్ చరిత్ర వేరు, విడి బండ్ల చరిత్ర వేరు అనడానికి వీల్లేదు. ఒక్కొక్క బండి ఎప్పుడు తయారైంది, ఎప్పుడు రోడ్డెక్కింది, ఎవరి చేతుల్లో తిరిగింది, దానిలో ఏ భాగం ఎప్పుడు మారింది అన్న వివరాలను కూడబెడితేనే మొత్తం చరిత్ర తయారవుతుంది. లక్షల్లో అమ్ముడుపోయిన కారులో ఒక బండి తేదీ తప్పుగా రాస్తే ఆ యజమానికి తప్ప ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ అదే తప్పు జరిగితే మొత్తం చరిత్రలో నూటికి ఒక వంతు తప్పినట్టే అవుతుంది. అందుకే ఈ పనికి ఒక క్రమం కావాలి. ముందు లోహాన్ని చదవాలి, తరువాత కాగితాన్ని చదవాలి, ఆ రెండూ అయిన తరువాతే మనుషుల జ్ఞాపకాలను వినాలి. ఈ వరసను తలకిందులు చేసి, అందమైన కథతో మొదలుపెట్టి దానికి సాక్ష్యాలు వెతికేవారు ఎంత శ్రద్ధగా పనిచేసినా చివరికి ఆ కథనే మళ్లీ రాస్తారు.

బ్రిటన్‌లో స్థిరపడి ఇలాంటి కారును కొనాలని చూస్తున్న తెలుగువారికి, కొనే ఉద్దేశం లేకపోయినా ఒక అరుదైన కారు చరిత్రను తెలుగులో నమ్మకంగా రాయాలనుకునేవారికి పనికివచ్చేలా ఈ పద్ధతిని వివరిస్తున్నాను. గోర్డన్-కీబుల్‌ను ఉదాహరణగా తీసుకున్నా, పీర్‌లెస్, జెన్సెన్, బ్రిస్టల్ వంటి ఇతర బ్రిటిష్ కార్లకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

కాలక్రమాన్ని ముందు స్థిరపరచుకోవడం

బండి దగ్గరకు వెళ్లే ముందు ఆ మోడల్ ఎప్పుడు పుట్టింది, తయారీ ఎప్పుడు ఆగింది అన్నది తెలిసి ఉండాలి, ఎందుకంటే బండి మీద కనిపించే ప్రతి తేదీని ఆ క్రమంతోనే సరిపోల్చాలి.

లండన్‌కు పడమర ఉన్న స్లౌ పట్టణంలో 1950ల చివర పీర్‌లెస్ అనే చిన్న కంపెనీ ట్రయంఫ్ టీఆర్3 ఇంజిన్‌తో ఒక జీటీ కారును తయారుచేసేది. ఆ కారు 1958లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల కార్ల పందెంలో పాల్గొని చివరిదాకా నిలిచింది. ఆ కంపెనీలో పనిచేసిన జాన్ గోర్డన్, ఇప్స్‌విచ్‌లో గ్యారేజీ నడుపుతున్న జిమ్ కీబుల్ 1959లో కలిశారు. ఇప్స్‌విచ్ పరిసరాల్లో ఆ రోజుల్లో అమెరికా వైమానిక స్థావరాలు ఉండేవి. నీల్సన్ అనే అమెరికన్ పైలట్ కోసం పీర్‌లెస్ చాసిస్‌లో అమెరికన్ కంపెనీ షెవ్రొలే తయారుచేసే కార్వెట్ కారు వీ8 ఇంజిన్‌ను (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు ఉన్నది) బిగించడంతో ఈ కథ మొదలైంది. ఆ ప్రయోగం నచ్చిన ఇద్దరూ చదరపు ఉక్కు గొట్టాలతో కొత్త చాసిస్ కట్టి, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలను కలిపే డి డియాన్ రకం యాక్సిల్ అమర్చి, దాన్ని ఇటలీలోని ట్యూరిన్ నగరానికి, కార్ల బాడీలు రూపొందించే బెర్టోనే సంస్థ కర్మాగారానికి పంపారు.

అక్కడ ఆ చాసిస్‌కు ఒళ్లు గీసినవాడు జార్జెట్టో జుజారో. అతను 1938 ఆగస్టులో పుట్టాడు, కనుక అప్పటికి వయసు 21 ఏళ్లు. ఆ తరువాత ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌తో సహా లెక్కలేనన్ని కార్లకు రూపం ఇచ్చిన మనిషి అతడే. హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద ఒకప్పుడు తిరిగిన డేవూ మాటిజ్ రూపం కూడా అతని సంస్థ నుంచి వచ్చినదే. ఉక్కు రేకులతో చేసిన ఆ మొదటి నమూనాను బెర్టోనే 27 రోజుల్లో పూర్తిచేసి, 1960 మార్చిలో జెనీవా మోటార్ షోలో ప్రదర్శించింది. అప్పుడు దాని పేరు గోర్డన్ మాత్రమే.

ఇక్కడి నుంచి పాఠకుడు జాగ్రత్తగా గమనించవలసిన మార్పులు మొదలవుతాయి. జెనీవా నమూనాలో ఉన్నది 283 క్యూబిక్ అంగుళాల, అంటే 4.6 లీటర్ల ఇంజిన్. ఆ బండిని డెట్రాయిట్‌కు ఓడలో పంపి చూపించాక షెవ్రొలే యాజమాన్యం ఇంజిన్లు, గేర్‌బాక్సులు సరఫరా చేయడానికి ఒప్పుకుంది. అమ్మకానికి వచ్చిన కార్లలో మాత్రం 327 క్యూబిక్ అంగుళాల, 300 హార్స్‌పవర్ ఇంజిన్ వచ్చింది. ఉక్కు బాడీ స్థానంలో ఫైబర్‌గ్లాస్ బాడీ వచ్చింది, ఆ పనిలో విలియమ్స్ అండ్ ప్రిచర్డ్ అనే ఇంగ్లిష్ సంస్థ చేయి ఉంది. పేరు గోర్డన్-కీబుల్ అయింది. సౌతాంప్టన్ సమీపంలోని ఈస్ట్‌లీలో 1964లో ఉత్పత్తి మొదలైంది. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం 1936లో మొదటిసారి గాలిలోకి లేచినది కూడా ఆ ఊరి విమానాశ్రయం నుంచే.

కారు ధర 2,798 పౌండ్లు. అదే కాలంలో ఆస్టన్ మార్టిన్ డీబీ5 ధర 4,000 పౌండ్ల పైమాటే. కంపెనీ మునిగిపోవడానికి విడిభాగాలు సమయానికి అందకపోవడం ఒక కారణమైతే, ఈ ధర అంతకంటే పెద్ద కారణమని నేను అనుకుంటాను. చేతిపనితో, కొద్ది సంఖ్యలో, ఖండాంతరం నుంచి తెప్పించిన ఇంజిన్‌తో చేసే కారును ఆ ధరకు అమ్మితే, అమ్మిన ప్రతి బండీ నగదును తినేస్తుంది. సుమారు 90 కార్లు అమ్ముడయ్యాక 1965లో కంపెనీ లిక్విడేషన్‌లోకి, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి మూసేసే దశలోకి వెళ్లింది. హెరాల్డ్ స్మిత్, జెఫ్రీ వెస్ట్ దాన్ని కొని కీబుల్ కార్స్ లిమిటెడ్ అన్న పేరుతో మళ్లీ తెరిచినా, 1966లో ఆ పని కూడా ఆగిపోయింది. హక్కులు కొన్న జాన్ డి బ్రూయిన్ అనే అమెరికన్ 1968లో న్యూయార్క్ మోటార్ షోలో తన పేరు పెట్టిన కార్లను చూపించాడు. ఉత్పత్తి మాత్రం మళ్లీ మొదలుకాలేదు.

ఈ క్రమాన్ని ఒక పేజీలో రాసుకుని దగ్గర పెట్టుకోండి. 1964లో తయారైన కారుకు ఉక్కు బాడీ ఉందని ఎవరైనా రాసినా, జెనీవా నమూనాలో 5.4 లీటర్ల ఇంజిన్ ఉందని చెప్పినా, వేర్వేరు కాలాల వివరాలు కలిసిపోయాయని వెంటనే తెలిసిపోతుంది. ఈ కారు గురించిన కథనాల్లో కనిపించే పొరపాట్లలో చాలావరకు ఇలా నాలుగేళ్ల దూరాన్ని ఒకే వాక్యంలో కుదించడం వల్ల వచ్చినవే.

బండిని చదవడం

చాసిస్ సంఖ్యతో మొదలుపెట్టాలి. ప్లేటు మీద ఉన్న అంకెలను కంటితో చూసి రాసుకుంటే చాలదు. పల్చని కాగితం పెట్టి మెత్తని పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవాలి, వాలుగా వెలుతురు పడేలా టార్చి పట్టుకుని ఫొటో తీయాలి. ప్లేటు స్క్రూలతోనో రివెట్లతోనో బిగించే వస్తువు కనుక దాన్ని తీసి మరో బండికి పెట్టవచ్చు, కొత్తగా చేయించవచ్చు కూడా. అందుకని చాసిస్ గొట్టాల మీద నేరుగా గుద్దిన ముద్ర ఏదైనా ఉందేమో వెతకాలి, బిగించిన రివెట్ల వయసు చుట్టూ ఉన్న రంగు వయసుతో సరిపోతోందో లేదో గమనించాలి.

ఫైబర్‌గ్లాస్ బాడీ తుప్పు పట్టదు. దీన్ని ఈ కారుకు గొప్ప వరంగా చెబుతారు, ఇన్ని బండ్లు మిగలడానికి అదొక ముఖ్య కారణం కూడా. చరిత్ర రాసేవారికి మాత్రం ఇందులో ఒక చిక్కు ఉంది. రేకు బాడీకి టింకరింగ్ చేస్తే వెల్డింగ్ గుర్తులు, పుట్టీ మందం ఎక్కడో ఒకచోట పట్టిస్తాయి. ఫైబర్‌గ్లాస్‌ను నేర్పుగా అతికి రంగు వేస్తే పైనుంచి ఏమీ తెలియదు. కాబట్టి లోపలి వైపు చూడాలి. డిక్కీలో తివాచీ ఎత్తి, తలుపుల లోపలి అట్టలు తీసి, డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే గాజు నార అల్లిక కనిపిస్తుంది. అల్లిక తీరు, నారను పట్టి ఉంచే రెసిన్ అనే జిగురు రంగు ఒక్కసారిగా మారినచోట మరమ్మతు జరిగిందని అర్థం. ఎవరూ మళ్లీ రంగు వేయని ఆ మూలల్లోనే మొదటి రంగు కూడా దొరుకుతుంది. దాన్ని బండి లాగ్‌బుక్‌లో (పాత రిజిస్ట్రేషన్ పుస్తకంలో) రాసిన రంగుతో సరిచూడాలి.

బాడీకి లేని తుప్పు భయం చాసిస్‌కు ఉంది. చదరపు గొట్టాల లోపల తేమ చేరితే బయటి గోడ నిగనిగలాడుతుండగానే లోపలి నుంచి తినేస్తుంది. ఏ గొట్టాన్ని ఎక్కడ కోసి కొత్తది అతికారో గీసి పెట్టుకోండి. కొనుగోలుదారుకు అది బేరమాడే విషయమైతే, చరిత్రకారుడికి ఆ బండి ఎన్నేళ్లు ఆరుబయట పడి ఉందో చెప్పే సాక్ష్యం. ఈ కారుకు రెండు పెట్రోలు ట్యాంకులు ఉంటాయి. ఒకదాన్ని తీసేసిన బండి కనిపిస్తే ఎప్పుడు, ఎందుకు అని అడిగి రాసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేది ఇంజిన్. షెవ్రొలే తన ఇంజిన్ల మీద రెండు వేర్వేరు తేదీలు వేసేది. ఈ రెండిటినీ చదవడం నేర్చుకుంటే సగం పని పూర్తయినట్టే. మొదటిది పోత తేదీ. ఇంజిన్ బ్లాకు వెనుక, గేర్‌బాక్సు బిగించే అంచు మీద ఒక వైపు బ్లాకు రకాన్ని తెలిపే పోత సంఖ్య, మరో వైపు పోత తేదీ ఉబ్బెత్తుగా ఉంటాయి. తేదీలో మొదటి అక్షరం నెలను చెబుతుంది. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అలా డిసెంబరుకు ఎల్. తరువాతి అంకెలు రోజు, చివరి ఒక్క అంకె సంవత్సరం. సీ 12 4 అని ఉంటే మార్చి 12, నాలుగుతో ముగిసే సంవత్సరం అన్నమాట. అది 1964 కావచ్చు, 1974 కూడా కావచ్చు, కనుక పక్కనున్న పోత సంఖ్యతో కలిపి చదివితే తప్ప తేలదు.

రెండోది బిగింపు తేదీ. ఇది బ్లాకు ముందు భాగంలో, కుడి సిలిండర్ హెడ్ ముందున్న చిన్న చదునైన చోట గుద్ది ఉంటుంది. మొదటి అక్షరం కర్మాగారాన్ని సూచిస్తుంది, ఎఫ్ అంటే ఫ్లింట్. తరువాత రెండు అంకెలు నెల, రెండు అంకెలు రోజు, ఆఖరున ఆ ఇంజిన్ ఏ రకానికి చెందిందో తెలిపే అక్షరాలు వస్తాయి. ఇక్కడ మనవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. అమెరికన్లు నెలను ముందు, రోజును తరువాత రాస్తారు. బ్రిటిష్‌వారు మనలాగే రోజును ముందు రాస్తారు. ఇంజిన్ మీద 0304 అని ఉంటే అది మార్చి 4. అదే బండి తాలూకు ఇంగ్లిష్ రసీదు మీద 3-4-64 అని ఉంటే అది ఏప్రిల్ 3. ఒకే కారులో రెండు దేశాల పద్ధతులు ఉన్నాయని మరచిపోతే నెల రోజుల తేడా ఇట్టే వస్తుంది.

ఇప్పుడు తర్కం తేలిక. పోత ముందు, బిగింపు తరువాత, అట్లాంటిక్ దాటే ఓడ ప్రయాణం ఆ తరువాత, ఈస్ట్‌లీలో కారుకు అమర్చడం ఆఖరున. ఈ వరస ఎక్కడా వెనక్కి తిరగకూడదు. 1964 ఫిబ్రవరిలో రిజిస్టరైన బండిలో మార్చి తేదీ ఇంజిన్ ఉంటే, ఇంజిన్ మారిందనో రిజిస్ట్రేషన్ మరో బండిదనో అర్థం. షెవ్రొలే చిన్న వీ8 ఇంజిన్లు పైకి ఒకేలా ఉండటం, విడిభాగాలు నేటికీ సులభంగా దొరకడం వల్ల వీటిని మార్చడం చాలా సామాన్యం. 350 క్యూబిక్ అంగుళాల బ్లాకు 1967లో కానీ రాలేదు కాబట్టి, ఈస్ట్‌లీ కారులో అది కనిపిస్తే తరువాత పెట్టినదేనని నిస్సంకోచంగా రాయవచ్చు. అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేసే బోరింగ్ పని చేయించినప్పుడు బ్లాకు పైభాగాన్ని గీకించి చదును చేస్తే బిగింపు తేదీ ముద్ర చెరిగిపోతుంది. చెరిగినచోట కొందరు కొత్త ముద్రలు గుద్దిస్తారు. అంకెలు మరీ నీటుగా, చుట్టూ లోహం మరీ నున్నగా ఉంటే అనుమానించాలి. పోత తేదీ మాత్రం ఉబ్బెత్తుగా ఉండటం వల్ల దాన్ని మార్చడం కష్టం.

మిగిలిన భాగాలు కూడా చిన్నచిన్న సాక్షులే. ఆ కాలపు లూకాస్ కంపెనీ విద్యుత్ పరికరాల మీద నెల, సంవత్సరం గుద్ది ఉండేవి. అద్దాల మీద ట్రిప్లెక్స్ అనే అద్దాల కంపెనీ ముద్ర ఉంటే, ఆ అక్షరాల దగ్గర పెట్టిన చుక్కలను బట్టి తయారైన సంవత్సరం, త్రైమాసికం తెలుసుకోవచ్చు. ఏ ఒక్క భాగమూ కారు వయసును నిరూపించదు. అన్ని మూలల నుంచి సేకరించిన తేదీలు ఒకే కొద్ది నెలల్లో గుమిగూడితే మాత్రం ఆ బండి పెద్దగా చెదరలేదని ధైర్యంగా చెప్పవచ్చు.

రిజిస్ట్రేషన్ కాగితాలు

బ్రిటన్‌లో 1970ల దాకా బండ్ల రిజిస్ట్రేషన్ కౌంటీ (మన జిల్లాలాంటిది), నగర కౌన్సిళ్ల చేతుల్లో ఉండేది. మన ఏపీ, టీజీ అక్షరాలు రాష్ట్రాన్ని తెలిపినట్టే అక్కడి నంబరులోని అక్షరాలు ఆ కౌన్సిల్‌ను తెలిపేవి. మూడు అక్షరాలున్న నంబర్లలో చివరి రెండు అక్షరాలు చూడాలి. సౌతాంప్టన్ నగరానికి టీఆర్, ఓడబ్ల్యూ, సీఆర్ అనే జంటలు ఉండేవి. నంబరు చివర వచ్చే ఒంటి అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: 1963కు ఏ, 1964కు బీ, 1965కు సీ, 1966కు డీ. ఈ పద్ధతి 1963లో మొదలైనా అన్ని కౌన్సిళ్లూ దాన్ని వెంటనే పాటించలేదు, 1965 జనవరి నుంచే అది అందరికీ తప్పనిసరి అయింది. అందువల్ల 1964 కారుకు సంవత్సరపు అక్షరం లేకపోవడం దోషం కాదు.

సంవత్సరపు అక్షరం చెప్పేది బండి రోడ్డెక్కిన ఏడాదిని, తయారైన ఏడాదిని కాదు. ఈ కారు విషయంలో ఆ తేడా చాలా ముఖ్యం. కంపెనీ 1965లో లిక్విడేషన్‌లోకి వెళ్లి, చేతులు మారి, మళ్లీ తెరుచుకున్నప్పుడు పని మధ్యలో ఆగిన బండ్లు, అమ్ముడుపోని బండ్లు ఉండటం సహజం. అలాంటివి తయారైన చాలా నెలలకు రిజిస్టరై ఉండవచ్చు.

పాత లాగ్‌బుక్ దొరికితే అది నిధి. మన ఆర్‌సీ పుస్తకంలాంటి ఆ చిన్న పుస్తకంలో చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఆ తరువాత బండి చేతులు మారిన ప్రతిసారీ కౌన్సిల్ వేసిన రబ్బరు ముద్ర ఉంటాయి. పుస్తకం నిండిపోతే కొత్తది ఇచ్చేవారు, కొత్తదానిలో పాత పేర్లు ఉండవు. కనుక లాగ్‌బుక్‌లో మొదట కనిపించే పేరు మొదటి యజమానిదే అనుకునే ముందు ఆ పుస్తకం మొదటిదేనా అని చూడండి. పైగా అందులో నమోదయ్యేది బండిని పెట్టుకున్నవారి పేరు. అప్పు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ, డబ్బు పెట్టిన తండ్రి, వాడుకునే ఉద్యోగి వేర్వేరు మనుషులు కావచ్చు.

వేల్స్‌లోని స్వాన్సీలో రిజిస్ట్రేషన్ కేంద్ర కార్యాలయం ఏర్పడ్డాక 1974 నుంచి ఈ పని అక్కడికి మారింది. పాత నంబర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే గడువు 1983లో ముగిసింది. అప్పటికి షెడ్డులో పడి ఉండి నమోదు కాని బండ్ల నంబర్లు రద్దయ్యాయి. వాటిని సాక్ష్యాలతో తిరిగి పొందే పద్ధతి ఇప్పటికీ ఉంది, అందుకు లాగ్‌బుక్ లేదా కౌన్సిల్ రిజిస్టరు కాపీ అడుగుతారు. కౌన్సిళ్ల పాత రిజిస్టర్లలో కొన్ని నాశనమయ్యాయి, కొన్ని జిల్లా అభిలేఖాగారాలకు (పాత దస్త్రాలు భద్రపరిచే చోట్లకు) చేరాయి, మరికొన్ని డ్రాయిట్‌విచ్‌లోని కిట్‌హెడ్ ట్రస్ట్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈస్ట్‌లీ ఉన్న హాంప్‌షైర్ ప్రాంతపు కాగితాల కోసం వించెస్టర్‌లోని అభిలేఖాగారాన్ని అడగాలి. వెళ్లే ముందు ఉత్తరం రాసి, తమకు కావలసిన నంబరు, ఏడాది స్పష్టంగా చెబితే సిబ్బంది ఎంతో సహాయపడతారు.

నంబరు ప్లేటు బండితో పాటే పుట్టిందని ఎప్పుడూ అనుకోవద్దు. ఇష్టమైన నంబర్లను అక్కడ విడిగా అమ్ముకోవచ్చు, మరో బండికి మార్చుకోవచ్చు. అలా అసలు నంబరు పోయిన బండికి ఆ వయసుకు తగిన మరో పాత నంబరు ఇస్తారు, దాని అక్షరాలు పరిశోధకుడిని వేరే ఊరికి తీసుకుపోతాయి. ఇక 2005 నుంచి జరిగిన ఎంఓటీ ఫిట్‌నెస్ పరీక్షల వివరాలను ప్రభుత్వం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపుతోంది. ప్రతి పరీక్షనాడు మైలోమీటర్ ఎంత ఉందో అక్కడ కనిపిస్తుంది. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు 2018 మే నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు కనుక, ఆ తరువాత వివరాలు లేకపోతే బండి మూలపడిందని తేల్చేయకండి. స్వాన్సీ కార్యాలయాన్ని వివరాలు అడిగే పత్రం ఉంది కానీ, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాల వల్ల పాత యజమానుల పేర్లు ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా, బతికున్నవారి పేర్లను వారి అనుమతి లేకుండా అచ్చువేయకూడదు.

పత్రికలు, దస్త్రాలు, మనుషులు

ఆనాటి మోటారు పత్రికల్లో వచ్చిన రోడ్డు పరీక్షలు తప్పక చదవాలి. బ్యూలీలోని జాతీయ మోటార్ మ్యూజియం గ్రంథాలయంలో ఆ కాలపు పత్రికలు, కంపెనీల కరపత్రాలు ఉంటాయి. అది ఈస్ట్‌లీకి ఎంతో దూరం కాదు. పత్రిక పరీక్షించినది కంపెనీ పంపిన బండి, అంటే ఏరి కోరి సిద్ధం చేసినది అన్న సంగతి గుర్తుంచుకుని అంకెలను తీసుకోవాలి. కంపెనీ మూసివేతకు సంబంధించిన చట్టపరమైన ప్రకటనలు ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్‌లో ఉంటాయి, దాన్ని ఇంట్లో కూర్చునే వెతకవచ్చు. లిక్విడేషన్ తేదీ విషయంలో ఏ పత్రికా వ్యాసం కంటే గెజెట్ మాటకే విలువ ఎక్కువ. రద్దయిన కంపెనీలలో కొన్నిటి దస్త్రాలు లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో దొరుకుతాయి.

అంకెలను తెలుగులోకి తెచ్చేటప్పుడు కొలతల మీద కన్నేసి ఉంచాలి. బ్రిటిష్ గ్యాలను 4.55 లీటర్లు, అమెరికన్ గ్యాలను 3.79 లీటర్లు. మైలేజీ లెక్కలో ఈ తేడా పట్టించుకోకపోతే ఆరో వంతు దాకా తప్పు వస్తుంది. 300 హార్స్‌పవర్ అన్నది ఇంజిన్‌ను విడిగా, అనుబంధ పరికరాల భారం లేకుండా కొలిచిన ఆనాటి అమెరికన్ లెక్క, నేటి కార్ల అంకెలతో దాన్ని నేరుగా పోల్చకూడదు. 1971 ఫిబ్రవరికి ముందు రసీదుల్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు.

ఇవన్నీ చేతిలో ఉన్నప్పుడే యజమానుల సంఘాన్ని సంప్రదించడం మంచిది. వంద బండ్ల జాతకాలనూ ఏళ్ల తరబడి పోగుచేసినవారు వాళ్లే. మీరు చాసిస్ సంఖ్య, ఇంజిన్ ముద్రల ఫొటోలు, ఒక స్పష్టమైన ప్రశ్న పంపితే వాళ్లు ఆనందంగా జవాబిస్తారు. ఈ కారు గురించి ఉన్నదంతా పంపండి అని రాస్తే జవాబు రాకపోయినా తప్పుపట్టలేం. పాత యజమానులను, మెకానిక్‌లను కలిసినప్పుడు ముందు వారి దగ్గరున్న ఫొటోలు చూడండి. ఫొటోలో కనిపించే నంబరు ప్లేటు, చక్రాలు, రంగు చూస్తూ అడిగితే జ్ఞాపకం ఒక చోట నిలబడుతుంది. వారు స్వయంగా చూసినది ఒక వైపు, విన్నది మరో వైపు రాసుకోవాలి.

ఈ జాగ్రత్త ఎందుకో తాబేలు కథ చూస్తే తెలుస్తుంది. ఇంత వేగంగా పోయే కారు ముక్కు మీద తాబేలు బొమ్మ ఉంటుంది. కారుకు మొదటి ఫొటోలు తీస్తున్నప్పుడు ఎవరో పెంచుకుంటున్న తాబేలు తోటలో నడుచుకుంటూ వచ్చి బండి ముందు నిలిచిందని, దాన్ని చూసి ఆ గుర్తు పెట్టారని చెబుతారు. ఎంతో ముచ్చటైన కథ, నిజమే అయ్యుండవచ్చు కూడా. చరిత్రలో దాన్ని రాయాలి, తప్పక రాయాలి. బ్యాడ్జి మీద తాబేలు ఉందన్నది కంటికి కనిపించే వాస్తవం, అది ఎలా వచ్చిందన్నది చెప్పుకునే మాట అని పాఠకుడికి తెలిసేలా రెండు వేర్వేరు వాక్యాల్లో రాయాలి.

రాయడం

ప్రతి బండికి ఒక పుట కేటాయించి, చాసిస్ సంఖ్య పైన రాసి, కింద తేదీల వారీగా సంఘటనలు, ప్రతి సంఘటన పక్కన అది లోహం మీద చూసినదో, కాగితంలో చదివినదో, మనిషి చెప్పినదో గుర్తుపెట్టండి. తయారీ పూర్తయిన తేదీ, అమ్మిన తేదీ, రిజిస్టరైన తేదీ అనే మూడు గడులను ఎప్పుడూ కలపకండి. ఆధారం దొరకని గడిని ఖాళీగానే వదిలేయాలి.

ఈ మూడు గడుల విలువ నూరో కారు దగ్గర బాగా తెలుస్తుంది. 1966లో పని ఆగేనాటికి తయారైనవి 99 అని, మిగిలిన విడిభాగాలతో ఆ తరువాత ఒక బండిని బిగించడంతో సంఖ్య వంద అయిందని అంటారు. ఆ చివరి బండి సంవత్సరం కొన్ని కథనాల్లో 1967గా, మరికొన్నిటిలో 1971గా కనిపిస్తుంది. ఇలాంటి చోట మనకు నచ్చిన సంవత్సరాన్ని ఎంచుకోకూడదు, రెండిటి సగటూ తీయకూడదు. ఒక కథనం చాసిస్ పూర్తయిన ఏడాదిని, మరొకటి బండి రోడ్డెక్కిన ఏడాదిని చెబుతూ ఉండవచ్చు. ఏ సంవత్సరం ఏ గడిలో పడుతుందో ఆ బండి సొంత కాగితాలను చూసి నిర్ణయించి, అంతవరకు రెండు సంవత్సరాలనూ పక్కపక్కనే రాయాలి.

డి బ్రూయిన్ పేరుతో న్యూయార్క్‌లో చూపించిన కార్లకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. బ్యాడ్జి మారినంత మాత్రాన కొత్త కారు పుట్టదు. గోర్డన్-కీబుల్ ఆకారంలో ఉండి ఆ పేరు తగిలించుకున్న బండ్ల చాసిస్ సంఖ్యలు చూసి, అవి ఈస్ట్‌లీ వరసలోవే అయితే ఆ సంఖ్య పుటలోనే 1968 సంఘటనగా చేర్చాలి. అదే స్టాండు మీద నిలిచిన మరో కారులో ఇంజిన్ మధ్యలో ఉంది. దాని నిర్మాణమే వేరు కనుక, ఆ కారు గోర్డన్-కీబుల్ వందలోకి రాదు, దానికి విడిగా ఒక పుట తెరవాలి.